అడ్డేమిటో చెప్పు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చేరింది. పదిహేను ప్రేమ నవలలను పరిచయం చేస్తూ, మొదటి వాక్యంలోనే "ఇవేవీ గొప్ప సాహిత్యం కాదు గానీ కాలక్షేపానికి బాగుంటాయి" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఒళ్ళు మండి కాగితాలు పక్కన పడేశాను. సాయంత్రం మళ్ళీ తీశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏడో పేజీలో ఉన్న మీ పిన్నిని కలుసుకునేదాన్ని కాదు.

ముందు ఆ వాక్యం సంగతి తేల్చుకుందాం. తెల్లవార్లూ మేలుకుని చదివానని నువ్వే రాశావు. ఒక నవల పూర్తయ్యాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదనీ రాశావు. నీ మీద అంత పని చేసిన పుస్తకాల తరఫున ఎవరికి క్షమాపణ చెబుతున్నావు? హంతకుడు ఎవరో వెతికే నవలను పరిచయం చేసేవాడు ఇలా నసగడు. రాజులూ యుద్ధాలూ ఉన్న నవలకైతే అసలే నసగడు. ఆడవాళ్ళు రాసి, ఆడవాళ్ళు చదివే పుస్తకం దగ్గరకు వచ్చేసరికే అందరూ ముందుగా తల వంచుకుంటారు. ఈ అలవాటు నీకు నువ్వుగా వచ్చింది కాదు. మా కాలపు పత్రికలు నేర్పి పెట్టి పోయినది.

నేను ఒక వారపత్రికకు పుస్తక పరిచయాలు పంపే రోజుల్లో అక్కడి సంపాదకుడికి ఒక పద్ధతి ఉండేది. మిగతా నవలలకు సాహిత్యం పేజీలో చోటు. ప్రేమ నవలకు వంటల పేజీలో, ఆవకాయ కొలతల కింద. ఒకసారి ఒక నవలలో నాయిక పెళ్ళికి ఎందుకు ఒప్పుకోలేకపోయిందో రెండు పేరాలు రాసి పంపాను. తల్లి వైద్యానికి ఆ ఇంటివాళ్ళు అప్పు చేశారు. అప్పు ఇచ్చినవాడు వరుడి మేనమామే. తన ఇష్టాన్నీ ఆ ఋణాన్నీ విడదీసి చూసుకోలేక ఆ పిల్ల నలిగిపోతుంది. అచ్చయిన పరిచయంలో ఆ రెండు పేరాలూ లేవు. "మనసుకు హత్తుకునే నవల, మహిళలు తప్పక చదవాలి" అన్న వాక్యం ఉంది. నేను రాయని వాక్యం నా పేరుతో అచ్చయింది. ఆ తర్వాత ఎనభైల్లో చేతబడి నవలలు వెల్లువెత్తినప్పుడు, అదే పత్రిక వాటి మీద వారాల తరబడి చర్చ నడిపింది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎలా నమ్మగలుగుతారన్న ప్రశ్నకు మాత్రం ఒక్క వారం కూడా చోటు దొరకలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక మీ పిన్ని. పలాసలో జీడిపప్పు పని నుంచి ఇంటికి వచ్చి, జీడి నూనెకు నల్లబడిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంటుంది. నువ్వు ఫోనులో ఇంగ్లీషు నవల చదువుతూ ఆమెకు తెలుగులో చెబుతుంటావు. ఎక్కడో పెద్ద నగరం, ఒకే ఆఫీసులో ఇద్దరు, పైకి ఒకరంటే ఒకరికి పడదు, లోపల ఇష్టం. కొన్ని రాత్రులు విన్నాక ఆమె అడిగింది: "ఇద్దరికీ ఇష్టమే కదా, మరి అడ్డేమిటి?" నీకు జవాబు తోచలేదు. దాన్ని నవ్వులాటగా రెండు వాక్యాల్లో రాసి ఎనిమిదో నవలకు వెళ్ళిపోయావు.

అమ్మాయీ, నీ వ్యాసం మొత్తంలో విమర్శ చేసింది మీ పిన్ని ఒక్కతే. ఆ ప్రశ్న చదివి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయిన మాట ఆమె నోట అంత తేలిగ్గా వచ్చింది.

ప్రేమ నవల అంటే అడ్డు గురించిన నవల. ఇద్దరూ కలుస్తారని అట్ట చూడగానే తెలుస్తుంది. ఎందుకు కలవలేకపోతున్నారు, ఆ అడ్డు ఎవరు పెట్టారు, దాటడానికి ఎవరు ఏమి వదులుకున్నారు, వదులుకోవడంలో ఎక్కువ వాటా ఎవరి మీద పడింది, ఇవి చూడాలి. రచయిత్రి సత్తా తెలిసేది అక్కడే. పరిచయం రాసేవాళ్ళు చెప్పవలసిందీ అదే. నువ్వు నాయకుల కళ్ళ రంగు చెప్పావు, ఉద్యోగాలు చెప్పావు, ఏ నవల ఎన్ని పేజీలో కూడా చెప్పావు. పదిహేనింటిలో ఒక్కదానికైనా అడ్డు చెప్పలేదు.

ఒక్క ఫోను చేస్తే తీరిపోయే అడ్డులుంటాయి. అతని పక్కన చెల్లెలిని చూసి ప్రియురాలనుకుంటుంది, మూడు వందల పేజీలు ఏడుస్తుంది. ఫోనులో రోజుకో భాగం చొప్పున వచ్చే తెలుగు ధారావాహికల్లో ఈ జబ్బు ఎక్కువ. భాగాలు పెరగాలి కాబట్టి అపార్థాలు పెరుగుతాయి. అక్కడ రాస్తున్నవాళ్ళలో వాక్యం మీద మంచి పట్టున్న అమ్మాయిలున్నారు. అందుకే నాకు బాధ. మీ పలాస చుట్టుపక్కల ఉద్దానంలో పెళ్ళయిన కొద్దిరోజులకే భర్త గల్ఫుకు వెళ్ళిపోతే, అత్తవారింట్లో దాదాపు పరిచయం లేని మనిషి గొంతును ఫోనులో ప్రేమించడం నేర్చుకుంటున్న ఆడపిల్లలున్నారు. ఇంత పెద్ద అడ్డు కళ్ళెదుట ఉంటే అపార్థాలతో పేజీలు నింపడం ఎందుకు?

మనిషి లోపలే ఉండే అడ్డు రాయడం ఇంకా కష్టం. అరవైల్లో యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' వచ్చింది. అందులో నాయకుడి కారు చూసి, మేడ చూసి ఆడపిల్లలు మురిసిపోయారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఆ నాయికను ఆపుతున్నది ఆమె ఆత్మాభిమానం. జీతం ఇచ్చేవాడి ముందు ఇష్టం ఒప్పుకుంటే లోకువైపోతానన్న భయం. అప్పుడప్పుడే ఉద్యోగాలకు బయలుదేరుతున్న ఆడవాళ్ళకు ఆ భయం తెలుసు. ఈ సంగతి వదిలేసి కారు ఒక్కటే పట్టుకున్నవాళ్ళకు నవల చదవడం రాలేదని నేను ఎక్కడైనా చెబుతాను.

'శత్రువులు ప్రేమికులవడం', 'ఉత్తుత్తి పెళ్ళి', 'ఒకే గది, ఒకే మంచం' అంటూ నువ్వు ప్రతి నవలకూ ఒక చీటీ అంటించావు. ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తున్నారని తెలుసు. బస్సు ముందు బోర్డు ఏ ఊరు వెళ్తుందో చెబుతుంది, దారిలో గోతులున్నాయో వంతెన కూలిందో చెప్పదు. చీటీ చూసి చదివినవాళ్ళకు అలాంటి నవలలు వంద దొరుకుతాయి. వాటిలో ఈ ఒక్కటే ఎందుకు చదవాలో నువ్వు చెప్పాలి.

చీటీ ఎంత ప్రమాదమో నీ మూడో నవల దగ్గర చూశాను. 'ఇట్ ఎండ్స్ విత్ అస్' పక్కన 'తియ్యని ప్రేమకథ' అని రాశావు. 2016లో వచ్చిన కొలీన్ హూవర్ నవల అది. బోస్టన్‌లో పూల దుకాణం పెట్టుకున్న లిల్లీ ఒక న్యూరోసర్జన్‌ను ప్రేమించి పెళ్ళి చేసుకుంటుంది. అతను ఆమె మీద చెయ్యి చేసుకుంటాడు. ఆమె తండ్రి ఆమె తల్లిని కొట్టేవాడు, ఆ పిల్ల అది చూస్తూ పెరిగింది. అమ్మ ఎందుకు వెళ్ళిపోలేదని అనుకున్న కూతురు ఇప్పుడు అమ్మ నిలబడిన చోటే నిలబడింది. ప్రేమ ఇంకా మిగిలి ఉండగానే గడప దాటడం ఎలాగన్నదే ఆ నవల. ఇంట్లో దెబ్బలు తింటున్న ఒక మనిషి కాస్త సేద తీరుదామని నీ మాట నమ్మి అది తెరిస్తే ఏమవుతుందో ఆలోచించావా? చదవవద్దని అనను, ఆమెకు కావలసిన పుస్తకం అదే కావచ్చు. తెలిసి తెరవాలి. తెలియజేయడం నీ పని.

ఇలా చెబితే కథ ముందే బయటపెట్టినట్టు అవుతుందని నువ్వు అంటావు. ఇంకోచోట "ముగింపు ముందే తెలిసిపోవడం ఈ నవలల లోపం" అని కూడా రాశావు. అమెరికాలో 1980లో మొదలైన ప్రేమ నవలా రచయితల సంఘం ఇలాంటి నవలకు రెండే షరతులు పెట్టింది. కథకు కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. సుఖాంతం ఆ నవల పాఠకురాలికి ముందుగా ఇచ్చే మాట. మాట ఇచ్చారు కనుకే ఆమె భయం లేకుండా ఎంత దుఃఖంలోకైనా దిగుతుంది. విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరు. ఆయన హరికథకు వెళ్ళినవాళ్ళలో రాముడు సీతను తెచ్చుకుంటాడో లేదో తెలియనివాళ్ళు ఎవరున్నారు? కథ తెలిసి వచ్చినవాళ్ళే తెల్లవారే దాకా కూర్చున్నారు.

నీ జాబితాలో లేని నవల ఒకటి చెబుతాను. ఉజ్మా జలాలుద్దీన్ రాసిన 'ఆయేషా ఎట్ లాస్ట్', 2018. జేన్ ఆస్టిన్ 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో చెప్పిన కథ ఎముకల మీద, టొరంటోలోని భారతీయ ముస్లిం కుటుంబాలను నిలబెట్టింది. ఆయేషాకు కవిత్వం ఇష్టం, బతుకుతెరువుకు బడిలో తాత్కాలిక ఉద్యోగం. ఖాలిద్ గడ్డంతో, తెల్లని పొడుగు అంగీతో ఆఫీసుకు వెళ్తాడు, అమ్మ చూసిన సంబంధమే చేసుకుంటానంటాడు. చూడగానే ఒకరి గురించి ఒకరు తీర్పు చెప్పేసుకుంటారు. ఆ తర్వాత అతనికి కుదిరిన సంబంధం ఆమె చుట్టాలమ్మాయితోనే. ఈ కథ మీ పిన్నికి చెప్పి చూడు. అడ్డేమిటని అడగదు. "వాళ్ళమ్మను ఎలా ఒప్పిస్తాడు?" అని అడుగుతుంది.

పడకగది సంగతి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. సిగ్గుపడ్డావు. ఇప్పటి ఇంగ్లీషు ప్రేమ నవలల్లో కొన్ని తలుపు దగ్గర ఆగుతాయి, కొన్ని లోపలికి వెళ్ళి చాలా పేజీలు అక్కడే ఉంటాయి. రెండూ తప్పు కాదు. కానీ నలుగురు తిరిగే ఇంట్లో చదువుకునే అమ్మాయికి, నీలాగా పెద్దవాళ్ళకు బిగ్గరగా చెప్పే అమ్మాయికి అది ముందే తెలియాలి. ఒక వాక్యం చాలు.

పుస్తకం చెప్పడం నేను నేర్చుకున్నది గంటస్తంభం దగ్గర ఉండిన అద్దె పుస్తకాల దుకాణంలో. ఆ యజమాని పెద్దగా చదువుకున్నవాడు కాదు. తిరిగి వచ్చిన నవలను వెంటనే అరలో పెట్టేవాడు కాదు. బొటనవేలితో పేజీల అంచులు సర్రున తిప్పి, మడిచిన మూలలు ఎక్కడున్నాయో చూసేవాడు. మొదట్లో ఒక మడత ఉండి ఆ తర్వాత ఏమీ లేకపోతే అక్కడే విసుగు పుట్టి ఆపేసిందని అర్థం. నాలుగు పేజీలకొక మడత ఉంటే పొయ్యి దగ్గర, పిల్లల మధ్య చదివింది. ఒక్క మడతా లేకపోతే నిద్ర మానుకుని చదివింది. దాన్ని బట్టి తర్వాతి పుస్తకం తీసేవాడు. ఒకరోజు నేను మా అక్క కోసం ఒక నవల అడిగితే వెనక్కి పెట్టేశాడు. "ఇది వద్దమ్మా, ఇందులో బిడ్డ పోతుంది" అన్నాడు. అంతకు ముందు నెలలో అక్కకు పురిటిలో బిడ్డ దక్కలేదు. దాని గురించి ఇంకొక్క మాట అనకుండా వేరే పుస్తకం కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఎందరో విమర్శకుల ఉపన్యాసాలు విన్నాను. పాఠకురాలిని అంత బాగా చదివినవాళ్ళు వారిలో తక్కువ.

అలాంటి దుకాణాలు మూతపడ్డప్పుడు ఆ నవలలు తూకానికి పోయాయి. కథలకు శ్రీకాకుళంలో కారా మాస్టారు, అంటే కథకుడు కాళీపట్నం రామారావు గారు, 1997లో కథానిలయం అనే గ్రంథాలయం కట్టారు, పాత పత్రికలు ఒక్కొక్కటీ వెతికి తెచ్చి పెట్టారు. ప్రేమ నవలలను మిగిల్చింది ఎక్కువగా ఇళ్ళలోని ఆడవాళ్ళే. వారపత్రికల్లోంచి ధారావాహిక పేజీలు కత్తిరించి, గోనెసంచి దారంతో కుట్టుకున్నారు. నా దగ్గర అలాంటిది ఒకటుంది. ఒక పేజీ వెనక సగం ముగ్గు, ఇంకో పేజీ వెనక తలనొప్పి మాత్రల ప్రకటన. మధ్యలో ఒక వారం భాగం లేదు. దాని చోట రూళ్ళ కాగితం కుట్టి, "ఈ వారం పత్రిక దొరకలేదు, పక్కింటి వదిన చెప్పిన కథ" అని నీలం సిరాతో నాలుగు వాక్యాలు రాసి ఉన్నాయి. ఆ నాలుగింటిలో రెండు, అతను ఎందుకు రాలేకపోయాడో చెబుతాయి.

కలం పేరు గురించీ, డబ్బు గురించీ అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఈ వ్యాసం సరిచెయ్యి. మొదటి వాక్యం కొట్టెయ్యి. పదిహేను నవలలు వద్దు, నాలుగు చాలు. మూడోదాని పరిచయం పూర్తిగా కొత్తగా రాయి. మీ పిన్ని అడిగిన ఆ ఆఫీసు నవలను మళ్ళీ మొదటి నుంచి చదువు, అడ్డు దొరికితే ఉంచు, దొరకకపోతే నిర్దాక్షిణ్యంగా తీసెయ్యి. మీ పిన్ని వచ్చే పేరా మాత్రం పెంచు. తర్వాత ఏ కథకు ఏమందో, ఎక్కడ నిద్రపోయిందో, ఎక్కడ "చాలు, ఆపెయ్యి" అందో అన్నీ రాయి. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం లోపు పంపు. ఫోనులో వద్దు, కాగితం మీద, ఒకవైపే రాసి, అంచున నేను రాయడానికి చోటు వదిలి పంపు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి,
విజయనగరం