ఓవర్‌క్లాక్ చేశాక స్క్రీన్ నల్లగానే ఉంటే

మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపించాలని (అదే ఓవర్‌క్లాక్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని కిట్ మీద రాసిన వేగానికి నడిపే సెట్టింగ్, ఆన్ చేసి, ప్రాసెసర్ మల్టిప్లయర్ (దాని వేగాన్ని నిర్ణయించే అంకె) కూడా పెంచి సేవ్ చేశారు. వోల్టేజీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు. సెట్టింగ్స్ చెరిగిపోతాయని మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి పెట్టినా అంతే. బోర్డు పోయిందా అన్నది మీ ప్రశ్న.

పోయి ఉండదనే నా నమ్మకం. తట్టుకోలేనంత వేగం పెడితే సిస్టమ్ లేవడం మానేస్తుంది, అంతే. చిప్‌ని నిజంగా దెబ్బతీసేవి ఎక్కువ వోల్టేజీ, వేడి. ఎక్స్‌ఎంపీ తనంతట తాను ర్యామ్ వోల్టేజీ పెంచుతుంది గానీ (డీడీఆర్4 రకం ర్యామ్‌కి మామూలుగా 1.2 వోల్టులుంటే, ఎక్స్‌ఎంపీలో చాలా కిట్లకి 1.35), ఆ స్టిక్‌లు దానికి తట్టుకునేలా తయారైనవే.

బ్యాటరీ తీసినప్పుడు కరెంటు వైరు కూడా పీకారా? వైరు ఉన్నంతసేపూ సప్లై నుంచి బోర్డుకి స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది, అప్పుడు బ్యాటరీ తీసీ లాభం లేదు. పైగా ఇప్పటి బోర్డులు చాలా సెట్టింగ్స్‌ని బయాస్ (కంప్యూటర్ లేచేటప్పుడు ముందుగా నడిచే బోర్డు ప్రోగ్రామ్) ఉండే ఫ్లాష్ చిప్‌లో రాసుకుంటాయి, అది కరెంటు లేకపోయినా చెరిగిపోదు. నా బోర్డులో బ్యాటరీ తీస్తే ఏమీ కాలేదు, జంపర్‌తోనే, అంటే సెట్టింగ్స్ చెరిపే రెండు పిన్నుల్ని కలిపితేనే, పనైంది. సప్లై స్విచ్ ఆఫ్ చేసి, వైరు పీకి, పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జ్ పోతుంది. తర్వాత ఆ పిన్నులు వెతకండి, వాటిని సీమాస్ క్లియర్ అంటారు (సీమాస్ అంటే బోర్డు సెట్టింగ్స్ దాచుకునే చోటు). చాలా బోర్డుల్లో అవి బ్యాటరీ దగ్గర్లోనే ఉంటాయి, పేరు మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. మాన్యువల్ చూసి, అవే పిన్నులని నిర్ధారించుకున్నాకే స్క్రూడ్రైవర్ మొనతో ఓ పది సెకన్లు కలపండి. ఈ ఒక్కచోట ఊహతో చేయొద్దు.

తర్వాత ఆన్ చేసి వదిలేయండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. సెట్టింగ్స్ చెరిగాక బోర్డు ర్యామ్ టైమింగ్స్‌ని మొదటి నుంచీ లెక్కగట్టుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5లో, ముఖ్యంగా ఏఎమ్‌డీ ప్రాసెసర్ల ఏఎమ్5 బోర్డుల్లో, ఇది కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. నా మెషీన్ కూడా ర్యామ్ లైట్ వెలిగించుకుని చాలాసేపు కదలకుండా ఉండి, తర్వాత మామూలుగా బయాస్‌లోకి వచ్చింది. మధ్యలో ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

అప్పటికీ రాకపోతే బోర్డు మీది చిన్న లైట్లు చూడండి: సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ (విండోస్ ఉన్న డిస్కు). ఆగిపోయి వెలుగుతున్నదే మీ జవాబు. డ్రామ్ అయితే ఒక్క స్టిక్ ఉంచి మిగతావి తీసేయండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టాలి. అది లేవకపోతే ఇంకో స్టిక్‌తో చూడండి. వీజీఏ అయితే కార్డుని తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి, మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకే ఉందో లేదో చూసుకోండి. సీపీయూ అయితే బోర్డు పైమూలన ఉండే ప్రాసెసర్ పవర్ కేబుల్ వదులైందేమో చూడండి.

బూట్ లైట్ దగ్గర ఆగినా, బయాస్ వచ్చి విండోస్ రాకపోయినా, దయచేసి ఫార్మాట్ జోలికి వెళ్లొద్దు. నా స్నేహితుడి సిస్టమ్‌లో ఇదే జరిగింది. సీమాస్ చెరిపాక బ్లూ స్క్రీన్, "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని. చూసినవాళ్లు విండోస్ మళ్లీ వేయాల్సిందే అన్నారు. తీరా చూస్తే బయాస్‌లో డిస్కులతో బోర్డు ఎలా మాట్లాడాలో చెప్పే స్టోరేజ్ మోడ్, అంతకుముందు రెయిడ్‌లో ఉన్నది, డిఫాల్ట్‌కి పడి ఏహెచ్‌సీఐ అయింది. పాత మోడ్ పెట్టగానే విండోస్ వచ్చేసింది, ఒక్క ఫైలూ పోలేదు. పాత డిస్కుల్లో విండోస్ ఉంటే సీఎస్‌ఎమ్ (పాత పద్ధతిలో బూట్ చేయనిచ్చే) సెట్టింగ్ కూడా ఇలాగే అడ్డుపడుతుంది. బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకి తాళం వేసే ఏర్పాటు) 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకండి, చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. ఫోన్‌లోంచి తీసుకోవచ్చు.

లేచాక మళ్లీ ఓవర్‌క్లాక్ చేస్తారు, తెలుసు. చేయండి, కానీ రెండూ ఒకేసారి వద్దు. ముందు ఎక్స్‌ఎంపీ ఒక్కటే. అది నిలబడకపోతే ఒక మెట్టు దించండి, 3600 బదులు 3200 లాగా. మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్‌లోనే, అందుకే కిట్ మీద రాసిన వేగం ప్రతి ప్రాసెసర్‌లోనూ రాదు, నాలుగు స్టిక్‌లు పెడితే ఇంకా కష్టం. విండోస్‌లోకి వెళ్లకముందే పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పూర్తిగా నడపండి. సగం స్థిరంగా ఉన్న ర్యామ్ అసలు లేవని ర్యామ్ కంటే ప్రమాదం. చప్పుడు లేకుండా మీ ఫైళ్లలో తప్పులు రాసేస్తుంది, వారాల తర్వాత గానీ బయటపడదు. మెమ్‌టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ వేగం మీది కాదు. ప్రాసెసర్ సంగతి ఆ తర్వాతే.

ఒక్క స్టిక్‌తో కూడా డ్రామ్ లేదా సీపీయూ లైట్ దగ్గరే ఆగితే, మీ బోర్డుకి బయాస్‌ని మళ్లీ రాసే బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూడండి. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో, మాన్యువల్ చెప్పిన పేరుతో బయాస్ ఫైల్ పెడితే డిస్‌ప్లే లేకుండానే రాసుకుంటుంది. ఏ లైట్ దగ్గర ఆగుతోందో, బోర్డు మోడల్ ఏమిటో చెప్పండి, అక్కడి నుంచి చూద్దాం.