వలలు మేం నేర్పుకుంటాం మాస్టారూ

"బడిలో ఏం చెప్పాలో, బడి లక్ష్యమేంటో తల్లిదండ్రులూ బస్తీవాళ్ళూ టీచర్లతో కూర్చుని మార్చుకోవడం మన దగ్గర నిజంగా జరుగుతుందా, లేక కాగితాల మీదేనా?" అని అడిగారు కదా. చాలావరకు కాగితాల మీదే. రెండేళ్ళు మావాడి బడి కమిటీలో ఉండి వచ్చినవాణ్ణి, అక్కడ పెట్టిన సంతకాలకి నా చేతిరాతే బాగుపడింది.

నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు రిపేరు చేస్తాను. 2018లో మావాడు దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిది చదువుతున్నాడు. ఏదో స్కాలర్‌షిప్ కాగితం కోసం బడికెళ్తే, ఆ రోజే పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నికట, తరగతికి ముగ్గురు కావాలట, మనుషులు చాల్లేదట, నా పేరు చెప్పి అందరి చేతులూ ఎత్తించేశారు. అలా అయ్యాను మెంబర్ని.

మొదటి మీటింగు బుధవారం పొద్దున్న పదకొండుకి పెట్టారు. ఆ టైముకి మా దగ్గర మగవాళ్ళు సముద్రంలో, ఆడవాళ్ళు గంపలతో వీధుల్లో ఉంటారు. వచ్చింది ఏడుగురం. 'అభివృద్ధి ప్రణాళిక' అని ఒక బొత్తి ముందర పెట్టారు. అందులో మేం ఏమేం చర్చించామో అప్పటికే టైపు చేసి ఉంది, కింద సంతకాలకి గీతలు. గోడ మీద బడి విజన్ ఇంగ్లిష్‌లో రాసుంది, ప్రపంచ నాయకుల్ని తయారుచేస్తారట, అందులో ఒక స్పెల్లింగ్ తప్పు కూడా. టీ మాత్రం బాగుంది.

ఆ ఏడాది ఒక కుర్ర సోషల్ మాస్టారు వచ్చారు. మంచాయన, ఉత్సాహం ఎక్కువ. 'స్థానిక జ్ఞానం' పాఠాల్లోకి తేవాలని ఆయన పట్టుదల. ఇంకో మీటింగు సాయంత్రం ఆరింటికి పెట్టించారు, ఈసారి వరండా నిండింది. ఆయన లేచి, ఈ ఏడాది ప్రాజెక్టు పనిగా పిల్లలకి వల అల్లడం, తెప్ప కట్టడం, చేపల రకాలు నేర్పిద్దాం, మీరే వచ్చి నేర్పండి అన్నారు. చప్పట్లు కొడతారనుకున్నట్టున్నారు పాపం.

వెనకనించి చేపలమ్మే ఒకావిడ లేచింది. "వలలు మేం నేర్పుకుంటాం మాస్టారూ. ఆ పనికి పోకూడదనే కదా మా గుంటణ్ణి ఇక్కడికి అంపుతున్నాం. మళ్ళీ వలే నేర్పుతానంటే ఇంకెందుకు బడి?" అంది. ఇంకో ఇద్దరు అందుకున్నారు. మాస్టారి మొహం మాడిపోయింది. నాకైతే లోపల ఆనందమే, అబద్ధమెందుకు. మా పనేంటో మాకే వివరిస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

ఆవిడ కూర్చోలేదు. మొగుడి ఫోన్ తీసి, "ఇదిగో, ఇదేటి సెప్తందో సదివి సెప్పే గుంటడు ఒక్కడూ లేడు. ఇది నేర్పండి" అంది. చూస్తే అది ఇన్‌కాయిస్ మెసేజీ. హైదరాబాద్‌లో ఉండే ఆ సంస్థ ఉపగ్రహాలతో సముద్రం పైనీటి వేడినీ, నీళ్ళలో క్లోరోఫిల్‌నీ చూసి, చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశం ఉందో జాలరులకి పంపిస్తుంది. ఈ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లలో, ఎంత లోతులో, ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, అన్నీ ఉంటాయి. మావాడి సైన్సు పుస్తకంలో క్లోరోఫిల్ అంటే ఆకులో పచ్చదనం. సముద్రంలో కంటికి కనపడనంత చిన్న మొక్కల్లోనూ అదే ఉంటుందని, వాటి వెనకాల చిన్న చేపలూ, చిన్నవాటి వెనకాల పెద్దవీ వస్తాయని ఆ పుస్తకం చదివినవాడికీ తట్టలేదు, ఇరవై ఏళ్ళుగా బోట్ల మీద తిరిగే నాకూ తెలీదు.

మాస్టారు అక్కడికక్కడే ప్రాజెక్టు మార్చేశారు. ప్రతి పిల్లాడూ మెసేజీ రాసుకుని మ్యాపులో ఆ చోటు గుర్తు పెట్టాలి. నాన్న ఒడ్డుకొచ్చాక వల నిజంగా ఎక్కడ వేశారో, ఏం పడిందో అడిగి పక్కన రాయాలి. లెక్కల మేడమ్ దిక్కులూ దూరాలూ అందుకున్నారు, సైన్సు మాస్టారు క్లోరోఫిల్ అందుకున్నారు. పాఠ్యపుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మార్చే హక్కు బడికి లేదు కూడా, అది పైన రాష్ట్ర స్థాయిలో తేలేది. కానీ అప్పట్లో ఏడాది మధ్యలో బడిలోనే వేసే ఫార్మేటివ్ మార్కుల్లో ప్రాజెక్టుకి వాటా ఉండేది, ఆ సందులోంచి దూరిపోయారు.

రెండు వారాలకి గొడవొచ్చింది. పిల్లల నోట్సుల్లో 'వల వేసిన చోటు' గడి ఖాళీ. అడిగితే "నాన్న చెప్పొద్దన్నాడు సార్". ఎందుకు చెప్తారు? పక్క బెంచీలో కూర్చున్నవాడు పక్క బోటు డ్రైవర్ కొడుకు. మంచి చోటు బైటపడితే మర్నాటికి పది బోట్లు వాలతాయి. కొందరు తప్పు చోటు చెప్పి పంపారు. ఒకడి మ్యాపులో అయితే వల ఏకంగా కంబాలకొండ అడవిలో పడింది. మాస్టారు నవ్వి, చోటు గడి తీసేసి, 'మెసేజీ చెప్పిన దిక్కుకి వెళ్ళారా లేదా, ఎంత డీజిల్ అయింది, ఎంతకి అమ్ముడుపోయింది' అని మార్చారు. వేలంపాట, డీజిల్ లెక్క వచ్చేసరికి అమ్మలే ముందుండి రాయించారు, ఆ లెక్కలు మగవాళ్ళకంటే వాళ్ళకే నయం. చెప్పొచ్చేదేంటంటే, మీ విజన్ ఏంటి అని జనాన్ని అడిగితే ఎవరూ నోరు విప్పరు, తప్పు ప్రాజెక్టు ఒకటి ముందు పెడితే కావలసింది వాళ్ళే చెప్తారు.

మీటింగు ఎప్పుడు పెట్టాలనేది కూడా పెద్ద విషయమే. ఈ తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఆ రెండు మూడు రోజుల్లో పెడితే మగవాళ్ళూ దొరుకుతారు, తర్వాత పది పదిహేను రోజులకోసారి తప్ప బోటు కనపడదు. ఎన్నిసార్లు మొత్తుకున్నా జూలైలోనే పెట్టేవారు.

ఇంకోటి, 2009 విద్యాహక్కు చట్టంలో ఈ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగం మంది ఆడవాళ్ళనీ, అభివృద్ధి ప్రణాళిక ఈ కమిటీయే తయారుచేయాలనీ ఉంది. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకి ఈ కమిటీ అక్కర్లేదు. అంటే లక్షలు పోసి చేర్పించే మా బావమరిదికి ఏం చెప్తున్నారో అడిగే కమిటీ లేదు, రూపాయి కట్టని మాకు ఉంది, అది ఉందని మాకు తెలీదు. మీ పిల్లలు ఎందులో చదువుతున్నారో మీరు రాయలేదు. ప్రభుత్వ బడి అయితే ఆ ప్రణాళిక చూపించమనండి, టైపు చేసినదైతే సంతకం పెట్టకండి.

మా దగ్గర ఆ తర్వాత ఏమైందంటే, ఏడాది తిరిగేలోపు ఆ మాస్టారికి బదిలీ. కొత్తగా వచ్చినాయన ప్రాజెక్టు అంటే 'మత్స్య సంపద' అని చార్టు తెమ్మన్నారు. పిల్లలంతా షాపులో కొన్న ఒకే బొమ్మ అతికించారు. గోడ మీద విజన్‌కి రంగులు కూడా వేశారు, ఆ స్పెల్లింగ్ అలాగే ఉంది.