తల్లి బాకీ భార్య చేత కట్టించకండి

"మేడమ్, మాది మహబూబ్‌నగర్. నా వయసు 35. హైదరాబాద్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. నాకు రెండే సరదాలు. పొద్దున అయిదింటికి సైకిల్ తీసుకుని పిల్లలమర్రి వైపో, దేవరకద్ర రోడ్డులో మన్యంకొండ దాకానో పోయి ఎనిమిదిన్నరకు వస్తాను. రాత్రి అన్నం తిన్నాక ఏదో ఒకటి సొంతంగా నేర్చుకుంటాను. లినక్స్, పైథాన్ నాకు అట్లా వచ్చినవే. ఇప్పుడు జీపీఎస్‌లో రికార్డయిన నా దారులను, ఎవరైనా మార్పులు చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటంలో ఎక్కిస్తూ, జిల్లాలోని చెరువుల పేర్లు తెలుగులో చేరుస్తున్నాను. సైకిల్ రిపేర్లన్నీ నేనే చేసుకుంటాను. తాగుడు లేదు, పేకాట లేదు. అయినా నా భార్య సైకిల్ అమ్మేయమంటోంది. 'మీరు పోతే ఇంట్లో నేనొక్కదాన్నే' అంటుంది. అదెట్లా? అమ్మ ఉంది, ఆరేళ్ల పాప ఉంది. నేను వచ్చేసరికి పాప స్కూలుకు పోయి ఉంటుంది, వీళ్లిద్దరూ మాటల్లేకుండా చెరో గదిలో ఉంటారు. నా భార్య బీఈడీ చేసింది, టెట్ పాసయింది, ప్రస్తుతం ఖాళీగా ఉంది. ఉద్యోగానికి పోవడం అమ్మకు ఇష్టం లేదు. మా నాన్న బొంబాయి పనులకు పోయి అక్కడే చనిపోయాడు. అమ్మ కూలికి పోయి, ఉన్న నాలుగు తులాల బంగారం అమ్మి నన్ను ఇంజనీరింగ్ చదివించింది. మొన్న బతుకమ్మకు దేవరకొండలో పుట్టింటికి పోయిన నా భార్య దసరా అయ్యాక కూడా పది రోజులు రాలేదు. ఆ రోజుల్లో నా రైడ్లు, చదువు బాగా సాగాయి. సైకిల్ అమ్మాలా? నాలుగింటికే లేచి అన్నీ కుదిరేలా ఒక టైమ్‌టేబుల్ చెప్పగలరా?"

సైకిల్ అమ్మకండి. టైమ్‌టేబుల్ నేను ఇవ్వను. మీరు అడిగినవాటికి జవాబు ఇంతే. మీరు అడగని దాని గురించి చెప్పాల్సింది చాలా ఉంది.

పెళ్లయిన మగవాడికి సరదాలెందుకు అనే మనిషిని కాదు నేను. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి పొద్దుటి సైకిల్ చాలా మంచిది. ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా లినక్స్ నేర్చుకోవడం ఓపిక ఉన్నవాళ్ల పని. ఇక ఆ చెరువుల సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైంది. అప్పటి నుంచి అది మీలాంటివాళ్లు తీరిక వేళల్లో, జీతం లేకుండా చేసిన పని మీదే నిలబడింది. పాలమూరు పల్లెల్లో చిన్న కుంటకు కూడా ఒక పేరు ఉంటుంది. ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఈ పని ఆపమని ఎవరైనా అంటే నేను మీ వైపే మాట్లాడతాను.

కానీ మీ ఉత్తరాన్ని ఇక్కడ బాగా కుదించి వేశాం. అసలు ఉత్తరంలో రెండు పేజీలు చైన్ అరుగుదల గురించే ఉన్నాయి. జతల లెక్కన 12 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలని, అంగుళంలో పదహారో వంతు సాగినా చైన్ మార్చేయాలని, బద్ధకిస్తే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగి ఖర్చు రెండింతలవుతుందని వివరంగా రాశారు. అంత సన్నటి తేడాను పట్టుకునే కళ్లు మీవి. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు మాటలు మానేసి చెరో గదిలో ఉండటాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. అక్కడ సాగుతున్నది మీ భార్య ఓర్పు. అది తెగే దాకా ఆగితే మీ పాప మనసు కూడా అరుగుతుంది.

'నేనొక్కదాన్నే' అన్న మాట మీకు అర్థం కాలేదన్నారు. నాకు వెంటనే అర్థమైంది. కోడలిగా బతికిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. అయిదు నుంచి ఎనిమిదిన్నర దాకా అంటే నల్లా వచ్చే వేళ, పాపను లేపి జడ వేసే వేళ, టిఫిన్ డబ్బా కట్టే వేళ, అత్తగారికి చాయ్, గోలీలు ఇచ్చే వేళ. ఒక ఇంట్లో మాట జారేది, పాత లెక్కలు పైకి వచ్చేది ఆ హడావిడిలోనే. సరిగ్గా ఆ మూడున్నర గంటలు మీరు ఊళ్లో ఉండరు. రాత్రి ఇద్దరూ తమ మాట చెప్పుకుందామనుకునే వేళకు మీరు స్క్రీన్ ముందు ఉంటారు. మీ అమ్మగారు ఆమెను ఏమంటున్నారో మీకు తెలియదని నేను నమ్మను. తెలియకపోతే పుట్టింటికి పోయిన భార్య పది రోజులు ఆలస్యంగా వచ్చిన సంగతి రాసి, దాని వెంటే ఆ రోజులు బాగా సాగాయని రాసేవారు కాదు. ఆ పది రోజులు ఇంట్లో గొడవ లేదు కాబట్టి మీకు బాగున్నాయి. ఆమె ఎందుకు రాలేదని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీ భార్య గురించి నాకు దిగులు లేదు, ఆమె నోరు తెరిచి చెప్పగలుగుతోంది. మీకూ మీ అమ్మగారికీ మధ్య ఉన్నదే నాకు సమస్యగా కనిపిస్తోంది. ఆమె మీ కోసం చేసింది మామూలు త్యాగం కాదు. భర్త బొంబాయిలో పోతే, పాలమూరు ఎండలో కూలి చేసి, బంగారం అమ్మి ఇంజనీర్‌ను చేసింది. ఆ బాకీ మీ గొంతులో అడ్డం పడింది. అందుకే ఆమెతో గట్టిగా ఒక్క మాట అనలేరు, ఆమె భార్యను ఏమన్నా వినపడనట్టు ఉంటారు. బాకీ మీది. దాన్ని రోజూ కడుతున్నది దేవరకొండ నుంచి వచ్చిన అమ్మాయి. ఆమెకు మీ ఇంజనీరింగ్ ఫీజుతో ఏం సంబంధం? తల్లి రుణం కొడుకే తీర్చాలి. భార్యతో తీర్పించడం నా దృష్టిలో పిరికితనం. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

అట్లని మీ అమ్మగారిని దోషిగా నిలబెట్టడం లేదు. మీరు చిన్నప్పటి నుంచి ఆమెకు ఉన్నది మీరొక్కరే. ఇప్పుడు మీరు పొద్దున రోడ్డు మీద, పగలు మీటింగుల్లో, రాత్రి కోడింగ్‌లో ఉంటారు. కొడుకు దొరకడు, దొరికేది కోడలు. ఒంటరితనం కోపంగా మారితే ఎదురుగా ఉన్నవాళ్ల మీదే పడుతుంది. ఊరూరా కూలికి తిరిగిన మనిషికి మీరు మ్యాప్‌లో వెతుకుతున్న కుంటల పేర్లు ఎన్ని తెలిసి ఉంటాయో ఎప్పుడైనా అడిగారా? అడిగితే ఆమెకు కొడుకు పక్కన కూర్చునే గంట దొరుకుతుంది, మీకు ఏ యాప్‌లోనూ దొరకని పేర్లు దొరుకుతాయి. ఆమెకు మీరు ఇవ్వాల్సింది ఆ గంట. భార్యను తిట్టే హక్కు ఇవ్వాల్సిన పని లేదు.

ఇంకొకటి. 'ఖాళీగా ఉంది' అని రాశారు. మీ అమ్మగారికి వేళకు అన్నం అందుతోంది, మీ పాప స్కూలుకు పోతోంది, మీరు పొద్దున నిశ్చింతగా మన్యంకొండ దాకా పోయి వస్తున్నారు. ఆ ఖాళీ మనిషి వల్లనే ఇవన్నీ నడుస్తున్నాయి. రాత్రుళ్లు సొంతంగా చదువుకోవడం మీకు అంత ముఖ్యమైతే, చదువు ఆగిపోయిన మనిషి బాధ అందరికన్నా ముందు మీకే తెలియాలి. టెట్ సర్టిఫికెట్‌కు ఒకప్పుడు ఏడేళ్ల గడువు ఉండేది. 2021లో దాన్ని తీసేసి జీవితాంతం చెల్లేలా మార్చారు. మన టీచర్ ఉద్యోగాల డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. అంటే ఆమె పడ్డ కష్టం ఎక్కడికీ పోలేదు. అమ్మకు ఇష్టం లేదని ఆపేశారు. మీ భార్యకు ఇష్టమా కాదా అన్నది మీరు రాయలేదు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. ముందు మీ భార్యను కూర్చోబెట్టి, పొద్దుటిపూట ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పమనండి. మధ్యలో అడ్డం రాకండి, 'అమ్మ మనసు మంచిదే' అనకండి. ఆ మాట విని విని ఆమెకు విసుగొచ్చి ఉంటుంది. చెప్పినదంతా మోసుకుపోయి అమ్మ ముందు పంచాయితీ కూడా పెట్టొద్దు. కోడలే ఎక్కించి పంపిందని రెండో నిమిషంలోనే అనుకుంటుంది.

తర్వాత భార్య లేని సమయం చూసి మీ అమ్మగారితో ఒక్కరే మాట్లాడండి. పెద్ద మాటలు వద్దు. మీ ఇంటి మాటలోనే, "అమ్మా, ఇంట్ల ఏమన్న తప్పుంటే నన్ను అను, పడత. ఆమెను అనకు. ఆమె మళ్ల చదువుకుంటది, నేనే చదువుకోమన్న" అనండి. 'నేనే' అన్నది మరిచిపోకండి. కోడలు అడిగిందని చెబితే ఆ భారం మళ్లీ ఆమె మీదే పడుతుంది. నిర్ణయం మీదని తెలిస్తే కోపం మీ మీదకు వస్తుంది. రానివ్వండి, కొడుకు మీద తల్లి కోపం ఎక్కువ రోజులు నిలవదు.

సైకిల్ విషయానికొస్తే, స్కూలు ఉన్న రోజుల్లో ఏడింటికల్లా ఇంట్లో ఉండండి. నల్లా నీళ్లు పట్టడం, పాపను వ్యాన్ ఎక్కించడం మీ పని. ఆదివారం మీ ఇష్టం వచ్చినంత దూరం పోండి, కోయిల్‌సాగర్ దాకా పోయినా ఎవరూ ఏమీ అనరు. రాత్రి చదువు మానొద్దు. ఒక టేబుల్ ల్యాంప్ మాత్రం ఎక్కువ కొనండి, ఆమె పుస్తకాలు కూడా అదే టేబుల్ మీదకు రావాలి.

మీరు అట్లా మాట్లాడిన రోజు మీ అమ్మగారు అలుగుతారు. నన్ను కాదని పెళ్లాం మాట వింటున్నాడని ఏడుస్తారు, అన్నం మానేస్తారు, నాలుగు తులాల సంగతి కూడా ఎత్తుతారు. అప్పుడు మీరు సైకిల్ తీసుకుని బయట పడకండి. కంచంలో అన్నం పెట్టుకుని మీరే ఆమె గదికి పోయి పక్కన కూర్చోండి, భార్య చేతికిచ్చి పంపొద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి, తిడితే వినండి, కాళ్లు పట్టుకోవాలనిపిస్తే పట్టుకోండి. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకండి.