పన్నెండేళ్ల బాబుకు పోకర్ నేర్పవచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాము. మా వారు ఆరేళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చారు. అక్కడ తోటి ఉద్యోగులతో పోకర్ ఆడటం అలవాటైంది. ఇప్పుడు కూడా నెలకొకసారి స్నేహితులను ఇంటికి పిలిచి, తలా కొంత డబ్బు వేసుకుని ఆడతారు. పన్నెండేళ్ల మా బాబుకు ఆ ఆట నేర్పుతానంటున్నారు. లెక్కలు బాగా వస్తాయని, తొందరపడకుండా నిర్ణయం తీసుకోవడం అలవడుతుందని ఆయన వాదన. నా చిన్నతనంలో మా నాన్నగారు క్లబ్బులో రమ్మీ ఆడి రెండెకరాల పొలం, అమ్మ నగలు పోగొట్టారు. పేక ముక్కలు చూస్తేనే నాకు గుండె దడ వస్తుంది. ఈ సంగతి పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. ధర్మరాజంతటివాడే జూదంలో సర్వం పోగొట్టుకున్నాడని మా అత్తగారు అంటే, మా వారు నవ్వేస్తారు. నేను అతిగా భయపడుతున్నానా?

జవాబు: అమ్మా, మీరు అతిగా భయపడటం లేదు. పేకాట వల్ల ఇల్లు ఎలా గుల్లవుతుందో మీరు కళ్లారా చూశారు, మీ వారు చూడలేదు. మీ ఇద్దరి మధ్య ఉన్న తేడా చాలావరకు అక్కడిదే. అయితే ఆయన వాదనను కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు కనుక, ముందు అందులోని నిజమెంతో చూద్దాం.

పోకర్‌లో లెక్క ఉన్న మాట వాస్తవం. అందులో ఒకే గుర్తువి ఐదు ముక్కలు కలిస్తే బలమైన చేయి. చేతిలో రెండు ఆఠీను ముక్కలు ఉండి, బల్ల మీద తెరిచిన మూడింటిలో మరో రెండు ఆఠీనులు ఉన్నాయనుకోండి. ఇంకా కనబడని 47 ముక్కల్లో ఆఠీనులు తొమ్మిది. మరో రెండు ముక్కలు తెరవవలసి ఉంది కాబట్టి, ఐదో ఆఠీను పడే అవకాశం సుమారుగా నూటికి 35. అంటే ఎంత సరిగ్గా లెక్క వేసి ముందుకు వెళ్లినా మూడింట రెండుసార్లు ఆ ముక్క రాదు. నిర్ణయం సరైనదైనా ఫలితం చెడవచ్చునని, ఫలితం బాగున్నంత మాత్రాన నిర్ణయం మంచిదైపోదని ఇంత స్పష్టంగా చూపే ఆటలు తక్కువ. మీ వారు బాబుకు అందించాలనుకుంటున్నది ఇదే అయితే, ఆ కోరికలో తప్పు లేదు.

కానీ ఆయన ఆలోచించని చిక్కు ఒకటి ఉంది. రమ్మీలో డబ్బు తీసేసినా ఆట నిలుస్తుంది. కౌంటు రాసుకుంటే చాలు, పిల్లలు పట్టుదలగానే ఆడతారు. పోకర్‌లో పందెం కాయడమే ఎత్తు. ఎంత వేయాలి, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ముక్కలు వదిలేయాలి అన్నదే ఆట మొత్తం. విలువ లేని గుండీలతోనో చింతగింజలతోనో ఆడితే, పోయేదేమీ లేదు కనుక పిల్లవాడు ప్రతి ఆటలోనూ ఉన్నదంతా ముందుకు తోసేస్తాడు, అప్పుడు మీ వారు నేర్పదలచిన నిగ్రహానికి అక్కడ చోటే ఉండదు. దాన్ని సరిచేయడానికి పెద్దవాళ్లు పది రూపాయలో ఇరవై రూపాయలో పెడతారు. నా అభ్యంతరం ఆ పది రూపాయల దగ్గరే మొదలవుతుంది.

ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి అలవాటును గట్టిగా బిగిస్తుందని మనస్తత్వ శాస్త్రం ఏనాడో గుర్తించింది. పైగా పోకర్‌లో నైపుణ్యం బయటపడాలంటే వేల ఆటలు ఆడాలి. ఒక్క సాయంత్రంలో అదృష్టానిదే పైచేయి. వరుసగా రెండు మూడు సార్లు గెలిచిన పన్నెండేళ్ల పిల్లవాడికి ఈ తేడా తెలియదు, తనకు ఆట వచ్చేసిందనే అనుకుంటాడు. ఉద్రేకాన్ని అదుపు చేసే మెదడు భాగాలు ఆ వయసులో ఇంకా ఎదిగే దశలోనే ఉంటాయి. అందువల్ల పోకర్ ఇప్పుడు వద్దని నా నిశ్చితాభిప్రాయం. పద్దెనిమిదేళ్లు నిండాక బాబుకు ఆసక్తి ఉంటే అప్పుడు నేర్పవచ్చు.

అంతమాత్రాన పేకను ఇంటి నుంచి వెలివేయమని నేను అనను. మీ వారు చెప్పదలచిన లెక్కలు పదమూడు ముక్కల రమ్మీలోనే కావలసినన్ని ఉన్నాయి. రెండు పేకలతో ఆడేటప్పుడు, జోకర్లను పక్కన పెడితే, చేతిలో ఆఠీను ఐదు, ఆరు ఉంటే నాలుగు గానీ ఏడు గానీ పనికి వస్తుంది. అవి మొత్తం నాలుగు ముక్కలు. అదే ఐదు, ఏడు పెట్టుకుని కూర్చుంటే ఆరు ఒక్కటే దిక్కు. అవి రెండే ముక్కలు. ఎదుటివారు ఏది ఎత్తారో, ఏది పారేశారో గుర్తుపెట్టుకుంటే ఆ లెక్క ఇంకా మారుతుంది. ఇదంతా రూపాయి లేకుండా నేర్పవచ్చు. ఆ ఆటలో మీరు కూర్చోవలసిన పని లేదు. పక్క గదిలో ఉంటానంటే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టకూడదు.

ఇక మీ వారితో గట్టిగా మాట్లాడవలసింది పాఠం గురించి కన్నా, నెలనెలా మీ ఇంట్లో జరిగే ఆట గురించి. బాబుకు అసలు పాఠం అక్కడ ఇప్పటికే నడుస్తోంది. బల్ల మీద నోట్లు చేతులు మారడం, గెలిచినాయన కళ్లలో మెరుపు, ఓడినాయన ఇంకొక్క ఆట అని బతిమాలడం వాడు చూస్తూనే ఉంటాడు. పిల్లలున్న ఇంట్లో డబ్బు పెట్టి ఆడకూడదని మీరు అడగడం పూర్తిగా సమంజసం. స్నేహితులు కలుసుకోవచ్చు, పేక కూడా ఆడుకోవచ్చు, డబ్బు మాత్రం వద్దు.

పేకాట నైపుణ్యపు ఆట అని కోర్టే చెప్పిందని ఆయన అనవచ్చు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా పేర్కొన్న మాట నిజమే. అదే తీర్పు మూడు ముక్కలాటను అదృష్టం మీద నడిచేదిగా వేరు చేసింది. రమ్మీలో పందేల మీద క్లబ్బు లాభం తీసుకుంటే అది నేరం కావచ్చునని కూడా చెప్పింది. కోర్టు ముందున్న ప్రశ్న అది నేరమా కాదా అన్నదే తప్ప, పిల్లలకు తగునా అన్నది కాదు. ఆ తరువాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అనే తేడా చూడకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. చట్టం ఉన్నంత మాత్రాన ఫోనులోకి అటువంటివి రావనుకోవద్దు. మీ యూపీఐ పిన్ బాబుకు తెలియకుండా చూసుకోండి.

మీ అత్తగారి మాటను మీ వారు నవ్వి వదిలేయకుండా మిగతా కథ కూడా గుర్తుచేసుకుంటే బాగుంటుంది. అరణ్యవాసంలో బృహదశ్వ మహర్షి ధర్మరాజుకు నలుడి కథ చెప్పి, మళ్లీ ఎవరైనా జూదానికి పిలుస్తారేమోనన్న భయం పోయేలా అక్షహృదయం అనే పాచికల విద్య ఉపదేశించాడు. ఆట మర్మం తెలియడం తప్పని మన పెద్దలూ అనలేదు. కాని ఆ విద్య నేర్పే ముందు, అంతకు మునుపు ఒకడు ఎలా చెడిపోయాడో పూర్తిగా చెప్పాడు.

మీరూ ఆ పని చేయాలి. మీ నాన్నగారి సంగతి పిల్లలకు చెప్పండి. ఆయనను దుర్మార్గుడిగా చూపవద్దు. పోయిన డబ్బు రాబట్టుకోవాలని మళ్లీ మళ్లీ వెళ్లి ఇంకా పోగొట్టుకున్న మనిషిగా చెప్పండి, ఎందుకంటే ఈ వ్యసనం సాధారణంగా ముదిరేది ఆ దారినే. పొలం ఎలా పోయిందో, నగలు పోయిన రోజు అమ్మమ్మ ఏమైపోయిందో మీ మాటల్లో వినాలి. మీ వారు కూడా ఆ సమయంలో పక్కన కూర్చోవాలి. మీ గుండె దడ ఎక్కడిదో ఆయనకు కూడా ఇంతవరకు పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు. చెప్పేటప్పుడు ఏడుపు వస్తే ఆపుకోనక్కరలేదు.

చివరగా మీ వారి విషయం. నెలకొకసారి ఆడి, ఎంత పోయిందో ఎంత వచ్చిందో మీకు చెప్పగలుగుతున్నారంటే కంగారు పడవలసింది లేదు. అలా కాకుండా ఎంత పోయిందో దాచిపెట్టడం, ఓడిన రోజు చిరాకు పడటం, పోయింది తెచ్చుకోవాలని మళ్లీ ఆడటం, అప్పు తేవడం కనబడితే, బాబుకు ఏం నేర్పాలన్న చర్చ పక్కన పెట్టి ముందు ఆయనను మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. అది స్వభావంలోని దోషం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఉన్న రుగ్మత, దానికి చికిత్స ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పేక చూసినప్పుడు మీకు వచ్చే ఆ దడ గురించి మాట్లాడటానికి కూడా అదే నంబరు పనికి వస్తుంది.