పాఠకుల ప్రశ్నలు: మొదటి ఫుల్ మారథాన్

ప్రశ్న: వారానికి నాలుగు రోజులు 5 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. అరగంట పడుతుంది. ఆగస్టులో హైదరాబాద్‌లో ఫుల్ మారథాన్ చేయాలని ఉంది. మార్చి నుంచి మొదలుపెడితే చాలదా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: వారాలు చాలుతాయి, ఎండలే ఒప్పుకోవు. ఆగస్టు చివరి రేసుకు 24, 28 కిలోమీటర్ల పరుగులు జూన్, జూలైలో పడతాయి. అప్పుడు మన వైపు తెల్లవారుజామున కూడా ఉక్కపోతే. పైగా హైదరాబాద్ రేసు దారిలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, మనకేమో బల్లపరుపు నేల అలవాటు. అక్కడ హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) చేసి, ఫుల్‌ను జనవరిలో చెన్నైకి పెట్టుకోండి.

రేసు నుంచి 18 వారాలు వెనక్కి లెక్కేస్తే సెప్టెంబరు మొదట్లోకి వస్తారు. అప్పటికి ఒక్క విడతలో 10 కిలోమీటర్లు వస్తుండాలి. మంగళ, గురు, శనివారాల్లో 6, 8, 5 కిలోమీటర్లు, ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు. అది 12తో మొదలుపెట్టి వారానికి రెండు చొప్పున పెంచండి. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. 15వ వారానికి 30 చేరితే చాలు. తర్వాతి ఆదివారాలు 20, 12, ఆపైన రేసే. ఫుల్ దూరం 42.195 కిలోమీటర్లు ముందే ఒకసారి పరుగెత్తి చూసుకుందామన్న ఉబలాటం వద్దు, కోలుకోవడానికే వారాలు పోతాయి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు మనల్ని వదలవు. వానకు ఒక లాంగ్ రన్ పోతే పోయినట్టే, వచ్చే వారం దానితో కలిపి పూడ్చకండి.

ఎక్కువ మంది దెబ్బతినేది వేగం దగ్గర. మీ 5 కిలోమీటర్ల వేగం కిలోమీటరుకు 6 నిమిషాలు. ఆదివారం కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల కంటే వేగంగా పోకండి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగా ఉన్నట్టు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే మెరుగవుతాయి కానీ ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం లేదు కదా అని వేగం పెంచితే మూల్యం మోకాళ్లు చెల్లిస్తాయి. ఆ ఏడున్నర నిమిషాల వేగంతోనే ఫుల్ పూర్తి చేస్తే 5 గంటల 16 నిమిషాలు. పేరు నమోదు చేసే ముందు రేసు గడువు అంతకంటే ఎక్కువుందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మైపాడు రోడ్డులో 20 కిలోమీటర్లు దాటాక తల తిరుగుతోంది, వాంతి వచ్చేలా ఉంటోంది. నీళ్లు మాత్రం లీటర్లకు లీటర్లు తాగుతూనే ఉన్నాను.
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఎంత తాగుతున్నారో కొలవకపోవడమే తప్పు. పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. రెండు గంటల్లో 60 కిలోల నుంచి 59కి దిగి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే, పోయిన చెమట లీటరున్నర, అంటే గంటకు ముప్పావు లీటరు. తాగేది దాన్ని మించకూడదు. బరువు పెరిగి ఉంటే నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పలచబడే ప్రమాదం ఉంది. దానికి తోడు తలనొప్పి, వాంతులు, తికమక కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఇంకా నీళ్లు తాగించనివ్వకండి.

ఓఆర్‌ఎస్ పొడి పొట్లం 20.5 గ్రాములది ఒక లీటరు నీళ్లలోనే కలపాలి, అర లీటరులో కాదు. దుకాణంలో దొరికే తీపి పానీయాల డబ్బాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు వాటి మీద వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కూడా.

తల తిరగడానికి ఆకలీ కారణం కావచ్చు. 40 నిమిషాల నుంచే తినడం మొదలుపెట్టండి, గంటకు 30 గ్రాముల పిండి పదార్థం అందాలి. అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది, మిగతాది చిన్న బెల్లం ముక్క. వేరుశనగ చిక్కీ వద్దు, అందులోని కొవ్వు త్వరగా అరగదు. ముందు రోజు రాత్రి నెల్లూరు కారం దోసె జోలికి పోకండి, ఎంత నోరూరినా సరే. నీళ్లు మోయలేకపోతే ఇంటి దగ్గర 5 కిలోమీటర్ల చుట్టు ఎంచుకుని సీసా గేటు దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: కొత్తపట్నం ఇసుకలో ఉత్త కాళ్లతో పరుగెడుతుంటే మోకాలి కింది ఎముక లోపలి అంచు నొప్పి పెడుతోంది. మాత్ర వేసుకుని కొనసాగించవచ్చా?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు. చెమట బాగా పోయినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చెరుపు చేస్తాయి, నొప్పి చెప్పే మాటనూ కప్పేస్తాయి. ఎముక వెంట వేలితో నొక్కండి. నొప్పి జానెడు పొడవునా ఉంటే అది సాధారణంగా షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు భారం ఎక్కువై ఆ ఎముక అంచు వెంట వచ్చే నొప్పి. రెండు వారాలు పరుగు ఆపి, నొప్పి లేకుంటే సైకిల్ తొక్కండి. రూపాయి బిళ్లంత చోటే చురుక్కుమంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, ఎముకలో సన్న పగులు ఉండవచ్చు. ఎముకల డాక్టరుకు చూపించండి. మొదట్లో ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు. ఇక ఇసుక సంగతి: పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్క లాగుతుంది, తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలి ఉంటుంది కనుక ఒక కాలి మీదే భారం. మట్టి బాట మేలు.

ప్రశ్న: కాలి గోళ్లు నల్లబడుతున్నాయి.
- ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: బూటు చిన్నది. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.