మూడో పేజీ దగ్గర ఆగిపోతున్న కథకు

గుంటూరు నుంచి బెజవాడకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లొస్తూ, రాత్రి కథ రాయడానికి కూర్చుంటే మూడో పేజీ దాటడం లేదన్నారు కదండీ. మీలో బద్ధకమేమీ లేదు. కూర్చున్న ప్రతిసారీ మొదటి పేజీ నుంచి చదివి దిద్దుతున్నారు, అక్కడే చిక్కు. ఉన్న అరగంటా దిద్దుబాటుకే పోతోంది, పైగా తప్పులు చూసి చూసి కథ మీదే విసుగొస్తోంది.

చిత్తుప్రతి పూర్తయ్యేదాకా పాత పేజీలు తెరవకండి. నిన్నటి చివరి రెండు వాక్యాలు చూస్తే చాలు. పేరో ఊరో తట్టకపోతే అక్కడ సున్నా చుట్టి ముందుకెళ్లండి. రోజుకు 200 మాటలు రాస్తే 2,000 మాటల కథ పది రోజుల్లో ఒక కొలిక్కి వస్తుంది. ఊపు మీదున్నా 300 దాటొద్దు. "ఆమె తలుపు తీసేసరికి..." అని వాక్యం సగంలోనే ఆపేయండి, మర్నాడు ఎక్కడ మొదలెట్టాలా అని వెతుక్కోనక్కర్లేదు.

రాత్రి అలసటలో కన్నా ఉదయం రైల్లో రాయడం మేలు. వాయిస్ టైపింగ్ వద్దు, ఆ రొదలో సగం మాటలు తప్పు పడతాయి. జేబులో పట్టే నోట్‌బుక్, బాల్‌పెన్ చాలు. చిత్తు పూర్తయ్యాక వారం పక్కన పెట్టి, అప్పుడు పైకి చదువుతూ దిద్దండి. నాలుక తడబడిన చోటల్లా వాక్యం విరగ్గొట్టాలి.