మెడికేర్ కార్డు రాజమండ్రిలో పనికొస్తుందా?

ప్రశ్న: న్యూజెర్సీలో 22 ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వయసు 68, అమెరికా పౌరుణ్ణి. రాజమండ్రిలో స్థిరపడాలని ఉంది. అక్కడ మెడికేర్ వర్తిస్తుందా? పార్ట్ బి కడుతూనే ఉండాలా? - ఒక పాఠకుడు

జవాబు: వర్తించదండీ. మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా. ఇండియాలో ఆసుపత్రి బిల్లుకు అది పైసా ఇవ్వదు. మా పెద్దన్నయ్య బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్న రోజు వదిన పర్సులోంచి ఆ ఎరుపు, నీలం గీతల కార్డే తీసి కౌంటర్ మీద పెట్టింది. అడ్వాన్స్ కట్టమన్నారు. ఆమె చేతులు వణకడం నాకింకా గుర్తే.

మీరు పదేళ్లకు పైగా మెడికేర్ పన్ను కట్టారు కాబట్టి పార్ట్ ఎ, అంటే ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుల భాగం, ఉచితం, దాన్ని ఉంచుకోండి. ఆలోచించాల్సింది పార్ట్ బి, అంటే డాక్టర్ ఫీజులు, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం భాగం, గురించే. 2025లో దాని మామూలు ప్రీమియం నెలకు 185 డాలర్లు. మానేసి మళ్లీ చేరితే, లేని ప్రతి పూర్తి 12 నెలలకు 10 శాతం చొప్పున పెనాల్టీ పడుతుంది, సాధారణంగా జీవితాంతం. పైగా సాధారణంగా ఏటా జనవరి నుంచి మార్చి లోపే చేరడానికి వీలుంటుంది, అందాకా ఆగాలి. మూడు నాలుగేళ్లలో పిల్లల దగ్గరికి తిరిగెళ్లే ఆలోచన ఏమాత్రం ఉన్నా మానొద్దనే నేను చెబుతాను.

ఇక్కడ ఆరోగ్య బీమా పాలసీ మాత్రం దిగిన వారంలోనే చూడండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు 36 నెలల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అందాకా వాటి ఖర్చు బీమా ఇవ్వదు. అన్నయ్య ఆ పని వాయిదా వేశాడు.